మిగిలిపోయిన ఏడుపు

విశాఖపట్నం,
21 జూలై 1996

అక్కకు,

క్షేమంగా చేరి మూడు వారాలైంది, ఇప్పటికి రాయడం కుదిరింది. హాస్టల్లో గది దొరికింది. గదిలో నాతో పాటు ఇంకో ఇద్దరు, ఒకటే ఫ్యాను, అదీ వాళ్ళ మంచాల వైపే తిరుగుతుంది. రంగస్థల కళల్లో ఎం.ఏ. అంటే మన గల్లీ అంతా నవ్వింది కదా. ఇక్కడ మా క్లాసులో తొమ్మిది మందిమి ఉన్నాం, మమ్మల్ని చూసి యూనివర్సిటీ అంతా నవ్వుతుంది. పొద్దున కసరత్తులు, తర్వాత గొంతు క్లాసు, మధ్యాహ్నం నాటకాల చరిత్ర, సాయంత్రం రిహార్సలు. కొట్టంలో పేడ ఎత్తిన నడుము కాబట్టి కసరత్తుల్లో నేనే ఫస్టు.

గొంతు క్లాసులోనే చిక్కు వచ్చిపడింది. ఆదిశేషయ్య గారని మా ప్రొఫెసరు, పెద్దాయన, మంచివాడే. మొదటి రోజు ఒక్కొక్కరినీ లేపి ఇంటి గురించి చెప్పమన్నారు. నేను లేచి, "మాది బహదూర్‌పురా సార్. మాకు ఆరు బర్రెలున్నయి. బాపు లేడు, అమ్మ పాలు పిండుతది" అన్నాను. అంతే, క్లాసంతా గొల్లుమంది. ఏం జోకు వేశానో నాకే తెలియలేదు. ఆయన కూడా నవ్వు ఆపుకుంటూ, "గొంతు బాగుందోయ్ బాలరాజ్, భాష సంగతి మెల్లగా చూద్దాం" అన్నారు. అది చూసేదాకా నాకు నౌకరు వేషాలేనట. మొన్నటి నాటకంలో నాది ఒక్కటే మాట, "అయ్యా, నీళ్ళు తెచ్చిన." హాలు పగలబడి నవ్వింది. మిగతావాళ్ళు గంటసేపు మొత్తుకున్నా రాని చప్పట్లు నాకు ఒక గ్లాసు నీళ్ళకు వచ్చాయి. దీనికి సంతోషపడాలో ఏడవాలో ఇంకా తేల్చుకోలేదు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఒంటికొమ్ము బర్రె ఈనిందా?

నీ తమ్ముడు
బాలరాజ్


బహదూర్‌పురా, హైదరాబాద్,
9 ఆగస్టు 1996

మా నటుడు గారికి,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. నౌకరు వేషం సంగతి మాత్రం మింగేశాను. "ఏషాలు కట్టుడు గూడ కాలేజీల చెప్తరా?" అని అడిగింది. అన్నీ చెప్తారమ్మా, నడవడం, నవ్వడం, చివరికి ఏడవడం కూడా అన్నాను. చేతిలో పాలచెంబు పక్కన పెట్టి మరీ ఆశ్చర్యపోయింది. "ఏడ్చుడు నేర్పుతరా? గది నేర్చుకుంటే వస్తదా?" నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మొద్దని సామెత. నీకేమో ఏడవడం నేర్చుకోమని సర్కారు స్కాలర్‌షిప్పు ఇస్తోంది.

మాణిక్యమ్మ వాళ్ళ అత్త మొన్న బుధవారం పోయింది. పొద్దున ఏడింటికే ఇద్దరు ఆడవాళ్ళు మన వాకిట్లో నిలబడ్డారు. "సత్తెమ్మక్కా, నువ్వొస్తెనే మా నోరు లేస్తది" అని అమ్మను తీసుకుపోయారు. నేను పాఠాలు చెప్పే స్కూలుకు ఆ రోజు సెలవు, నేనూ వెళ్ళాను. అమ్మ వెంటనే ఏడవదు, చూశావా ఎప్పుడైనా? ముసలమ్మ కాళ్ళ దగ్గర కూర్చొని ముందు గదంతా చూసింది. గూట్లో నస్యం డబ్బీ కనిపించింది. దాన్ని చేతిలోకి తీసుకొని, "గీ డబ్బీ మూత నీకొక్కదానికే వచ్చు గదనే అవ్వా, ఇగ ఎవరు తీస్తరే" అని రాగం ఎత్తింది. ముప్పై ఏళ్ళు ఆ అత్తతో కొట్లాడిన మాణిక్యమ్మ అప్పుడు గోడకు తల కొట్టుకొని ఏడ్చింది. ఇంట్లో ఒక్కరి కళ్ళూ పొడిగా లేవు.

మీ ఆదిశేషయ్య గారికి చెప్పు, మా కొట్టంలో కూడా ఒక ప్రొఫెసరు ఉందని. ఒంటికొమ్ము బర్రెకు దుడ్డె పుట్టింది. జున్ను నీ వాటా నేనే తిన్నాను.

అక్క
అఖిల


విశాఖపట్నం,
14 డిసెంబరు 1996

అక్కా,

ఏప్రిల్ పరీక్షకు మాలో ప్రతి ఒక్కరూ ఒంటరిగా ఇరవై నిమిషాలు వెయ్యాలి. మాటలు పుస్తకాల్లోవి కాకూడదు, ఎవరి ఊరి నుంచి వాళ్ళు తెచ్చుకోవాలి. ఒకడు తోలుబొమ్మలాట అంటున్నాడు, సుచరిత అనే అమ్మాయి వాళ్ళ నాయనమ్మ పాటలు అంటోంది. నాకు నీ ఉత్తరమే గుర్తొచ్చింది. నేను అమ్మ శోకం చేస్తాను.

చిన్నప్పటి నుంచి విన్నదే గానీ చెయ్యాలంటే అమ్మ ఊపిరి ఎక్కడ తీస్తుందో, గొంతు ఎక్కడ దించుతుందో తెలియాలి. మీ స్కూల్లో టేప్ రికార్డరు ఉంది కదా. ఒక పూట తెచ్చి అమ్మ చేత శోకం పెట్టించి క్యాసెట్టు పంపు. ఎవరి మీదైనా ఫరవాలేదు, లేని మనిషి మీదైనా సరే.

నీకొక్కదానికే చెప్తున్నాను. నోరు తెరిస్తే నవ్వుతారన్న భయంతో ఈ ఆరు నెలల్లో నేను క్యాంటీన్లో టీ కూడా వేలు చూపించి అడుగుతున్నాను. శోకం చేస్తే ఎవరూ నవ్వలేరు. చావు ఇంట్లో ఎవరు నవ్వుతారు? ఆ ఒక్క పూట నన్ను మనిషిలా చూస్తారని ఆశ.

బాలరాజ్


బహదూర్‌పురా,
16 ఫిబ్రవరి 1997

తమ్ముడికి,

అడగ్గానే అమ్మ చీపురు ఎత్తింది. "ఉత్తగ ఏడుస్తరానే? మనిషి లేంది శోకమెట్ల వస్తది? పచ్చటి ఇంట్ల గా లొల్లి ఏంది?" అంది. నేను ఊరుకున్నాను. రికార్డరు స్కూల్లో తిరిగి ఇచ్చేశాను కూడా.

పది రోజుల తర్వాత కుడితి కలుపుతూ కలుపుతూ తనే అంది, "మీ బాపుది ఉన్నది." నాకు అర్థం కాలేదు. "మీ బాపుది నా తాననే మిగిలిపోయింది. ఎన్నడు ఏడిస్తి నేను?"

నీకు అప్పుడు పదిహేనేళ్ళు, అన్నీ గుర్తుండే ఉంటాయి. తొంభై డిసెంబరు, కర్ఫ్యూ. రెండు గంటలు సడలిస్తే బాపు సైకిలు మీద పాలు పోసి వచ్చాడు, వస్తూనే గుండె పట్టుకున్నాడు. ఆటో లేదు, ఆస్పత్రి లేదు, మధ్యాహ్నానికి అయిపోయింది. నీకు గాక ఇంకో నలుగురికే కర్ఫ్యూ పాసు ఇచ్చారు. రాజన్న, సోమశేఖర్, ఇంకో ఇద్దరు మోశారు, ముందు నువ్వు నిప్పు పట్టుకొని నడిచావు. గుంపు కూడొద్దు, అరుపులు వినపడొద్దు అని గల్లీ చివర పోలీసులు చెప్పారు. ఊరందరి చావులకూ గొంతెత్తిన మనిషి తన మొగుడికి కొంగు నోట్లో కుక్కుకొని కూర్చుంది. ఇన్నేళ్ళలో నాకెందుకు తట్టలేదో ఇది?

రికార్డరు మళ్ళీ తెచ్చాను. మధ్యాహ్నం కొట్టం తలుపు గడియ పెట్టి, దాణా సంచి మీద అమ్మను కూర్చోబెట్టాను. ఇరవై రెండు నిమిషాలు, బాలూ. "ఓ నా పిల్లల బాపూ" అని ఎత్తుకుంది. సైకిలు గంట కోసం బర్రెలు చెవులు రిక్కించి చూస్తున్నాయని ఏడ్చింది. పాలు పోసిన ఇళ్ళ పేర్లన్నీ చెప్పి, వాళ్ళలో ఒక్కరూ నిన్ను సాగనంపలేదే అని ఏడ్చింది. మధ్యలో పక్కింటి చంద్రమ్మ పరిగెత్తుకొచ్చి తలుపు బాదింది, "ఎవరు పోయిన్రే సత్తెమ్మా?" అని. అది కూడా టేపులో పడింది. అమ్మ ఆగలేదు. నేను రికార్డరు పట్టుకొనే ఏడ్చాను, అందుకే అక్కడక్కడా గరగర ఉంటుంది.

అయ్యాక ముఖం కడుక్కొని ఒక మాట చెప్పమంది. ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "గిది ఆటకు ఇస్తలేనని చెప్పు ఆనికి. ఆని బాపును ఎవ్వరు ఏడ్వలే. గా ఊర్లనన్న పదిమంది కూసొని ఇననీ."

జాగ్రత్తగా వాడు.

అక్క


విశాఖపట్నం,
27 ఏప్రిల్ 1997

అక్కా,

పరీక్ష అయింది. నాకే మొదటి స్థానం. హాలు నిండిపోయింది, వేరే డిపార్టుమెంట్ల వాళ్ళు కూడా వచ్చారు. చివర్లో కళ్ళు తుడుచుకోని వాళ్ళు లేరు. ఆదిశేషయ్య గారు స్టేజీ ఎక్కి భుజం తట్టారు. ఇక నౌకరు వేషాలు ఉండవు.

అమ్మకు చెప్పు. ఈ సెలవుల్లో ఇక్కడే ఒక వర్క్‌షాపు ఉంది, రాలేను.

బాలరాజ్


బహదూర్‌పురా,
9 నవంబరు 1997

తమ్ముడికి,

ఇంత పొదుపుగా రాస్తే పోస్టాఫీసు మూసేసుకోవాలి. ఏప్రిల్ నుంచి నాలుగు ఉత్తరాలు రాశావు, నాలుగూ కలిపితే ఒక పేజీ. మొదటి బహుమతి వచ్చినవాడికి మాటలు కరువయ్యాయా?

నువ్వు రాయకపోయినా అమ్మ మాత్రం గల్లీ అంతటికీ చెప్పింది. "కండ్లు తుడుచుకోనోడు లేడంట. గంతమంది ఏడ్చిన్రంట మా ఆయనకు." పాలు పోయించుకునే వాళ్ళకు కూడా చెప్పింది. ఆరేళ్ళుగా డిసెంబరు వస్తే మంచం పట్టేది, ఈసారి చలి మొదలైనా గట్టిగానే తిరుగుతోంది. నువ్వు చేసిన పని చిన్నది కాదు.

ఇంకో సంగతి. పేపర్లో చూశాను, యూనివర్సిటీల నాటక పోటీలు ఈ నెలాఖరుకు హైదరాబాదులోనేనట, మీ బృందం పేరు కూడా ఉంది. ఆశ్చర్యపరుద్దామని దాచావా? అమ్మను పత్తర్‌గట్టికి తీసుకెళ్ళి చీర కొనిపించాను. ముదురాకుపచ్చ. "ఏడ్చే ఆటకు కొత్త చీర ఎందుకే" అంటూనే రెండు దుకాణాలు ఎక్కి దిగింది. ఏ రోజో, ఎన్నింటికో రాయి.

అక్క


విశాఖపట్నం,
15 నవంబరు 1997

అక్కా,

మీరు రావద్దు. అది విద్యార్థుల పోటీ, బయటివాళ్ళను రానివ్వరు. మా వంతు ఎప్పుడో కూడా తెలియదు. అమ్మ అంతసేపు కూర్చోలేదు, సాయంత్రం పాలు పిండే వేళ. నేనే వీలు చూసుకొని ఇంటికి వస్తాను. అమ్మకు ఏదో ఒకటి చెప్పు.

బాలరాజ్


బహదూర్‌పురా,
7 డిసెంబరు 1997

బాలరాజ్‌కు,

మేం వచ్చాం. రోజూ వేళా పేపర్లోనే చూసుకున్నాం. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. అమ్మ కొత్త చీర కట్టుకుంది. పాలు చంద్రమ్మకు అప్పజెప్పి, అఫ్జల్‌గంజ్ దాకా బస్సు, అక్కడి నుంచి నడక. చివరి నుంచి మూడో వరసలో కూర్చున్నాం.

నువ్వు తెల్లచీర చుట్టుకొని వచ్చి మోకాలు పట్టుకొని కూర్చున్నావు. అచ్చం అమ్మే. అమ్మ నా చెయ్యి నొక్కింది. సంతోషంతో నొక్కింది, అది నీకు చెప్పి తీరాలి.

"ఓ నా పిల్లల బాపూ" అన్నావు. హాలు నవ్వింది. అమ్మ చుట్టూ చూసింది, ఎవరైనా జారి పడ్డారేమో అనుకుంది పాపం. నువ్వు ఆగావు. నవ్వు తగ్గేదాకా కళ్ళు పైకెత్తి అలాగే ఉన్నావు. తర్వాత "నీ సైకిలు గంటకు బర్రెలు చెవులు రిక్కిస్తున్నయి గదయ్యా" అన్నావు. ఈసారి ఈలలు. మళ్ళీ ఆగావు. "నలుగురే నలుగురు మోసిన్రు గదయ్యా" దగ్గర నాలుగు వేళ్ళు ఎత్తి ఒక్కొక్కటే మడిచావు. అది క్యాసెట్లో లేదు. అమ్మ అలా చెయ్యలేదు. అది నువ్వు కలిపింది. దానికే అందరికన్నా ఎక్కువ నవ్వారు.

అమ్మ పక్కన కూర్చున్నావిడ కళ్ళు తుడుచుకుంటూ, "భలే చేస్తున్నాడు కదండీ" అంది. "ఆఁ" అంది అమ్మ. నేను లేద్దామంటే లేవలేదు. చివరిదాకా కూర్చుంది, అందరూ చప్పట్లు కొడితే తనూ కొట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో పురానాపూల్ దాటింది. తర్వాత, "ఆడు తప్పు చెయ్యలే. నా లెక్కనే చేసిండు" అంది. ఇంకొంచెం దూరం పోయాక అడిగింది, "నేను ఏడిస్తె గట్లనే ఉంటదానే అఖిలా?"

నువ్వు చెప్పు, ఏం చెప్పమంటావు?

మొన్న రాజన్న పోయాడు, బాపును మోసిన రాజన్న. ఆడవాళ్ళు పిలవడానికి వస్తే, "నాకొస్తలేదు బిడ్డా, మీరే కానియ్యిన్రి" అంది అమ్మ. బలవంతం మీద వెళ్ళి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని గోడవారగా కూర్చుంది. కర్ఫ్యూ నాడు కూర్చున్నట్టే కూర్చుంది. ఈసారి ఏ పోలీసూ చెప్పలేదు.

ఒక్కటే అడుగుతున్నాను. ఏప్రిల్లో కూడా నవ్వారా?

అఖిల


విశాఖపట్నం,
4 జనవరి 1998

అక్కా,

నవ్వారు.

నీ దగ్గర దాచి లాభం లేదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఏప్రిల్లో నేను నిజంగానే బాపు కోసం మొదలుపెట్టాను. ఒట్టు. మొదటి మాటకే ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత వరస వరస. ఆ భాషలో మాట్లాడే మనిషి వాళ్ళకు ఎప్పుడూ నీళ్ళు తెచ్చే నౌకరే, వాడికి చావు కూడా ఉంటుందని వాళ్ళకు ఎవరూ చూపించలేదు. అప్పుడే లేచి వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు. పరీక్ష అక్కా, ఎదురుగా మార్కులు వేసేవాళ్ళు. నవ్వు తగ్గాక అందుకుందామని ఆగాను. ఆగితే నవ్వు పెరిగింది. ఆగడంలోనే ఉంది కిటుకు అని నా ఒంటికి అర్థమైపోయింది, నాకన్నా ముందే. ఆ ఉత్తరంలో కళ్ళు తుడుచుకున్నారని రాశాను చూడు, అది నిజమే, నవ్వి నవ్వి తుడుచుకున్నారు.

తర్వాత సుచరిత వచ్చి, ఆవిడ ఎవరు, మీ అమ్మగారా అని అడిగింది. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలేదనుకుంటాను. మా గల్లీలో ఒక ముసలామె అని చెప్పాను.

అప్పటి నుంచి అందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. క్యాంటీన్లో నాకు టీ పోస్తారు. అప్పటి నుంచి పదకొండు సార్లు వేశాను. ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగాలో నాకిప్పుడు లెక్క. వేళ్ళు మడవడం ఆరోసారి దొరికింది.

అమ్మ దగ్గరికి ఏ ముఖంతో రావాలో తెలియడం లేదు. పరీక్షలయ్యాక వచ్చి కాళ్ళ మీద పడతాను. అప్పటిదాకా ఈ ఉత్తరం అమ్మకు చదవకు.

బాలరాజ్


టెలిగ్రాం
హైదరాబాద్, 15 మార్చి 1998

అమ్మ పోయింది. వెంటనే రా. అఖిల.


విశాఖపట్నం,
5 ఏప్రిల్ 1998

అక్కా,

పదకొండు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్క మాట మాట్లాడుకోలేదు. కుడితి గోళెం దగ్గర పడిపోయిందనీ, మూడు రోజులు ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదనీ నువ్వు చంద్రమ్మకు చెప్తుంటే విన్నాను. ముందే ఎందుకు కబురు పెట్టలేదని అడిగే హక్కు నాకు లేదు.

ఆ రోజు అమ్మను వాకిట్లో పడుకోబెట్టాక గల్లీ ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చొని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎత్తుకునే మనిషే పోయింది మరి. నీకు గొంతు రాలేదు. మాణిక్యమ్మ నా వైపు చూసి, "నువ్వన్న ఎత్తుకో బిడ్డా, నీకొచ్చు గద" అంది. ఎత్తుకున్నాను. నాకు వచ్చింది అదొక్కటే కాబట్టి అదే ఎత్తుకున్నాను, బాపు తీసి అమ్మ పెట్టి. ఆడవాళ్ళు అందుకున్నారు, బోరున ఏడ్చారు. అమ్మకు ఇది దక్కింది అనుకున్నాను.

అప్పుడు ఆగాను అక్కా. బర్రెల మాట దగ్గర. మళ్ళీ మోసేవాళ్ళ మాట దగ్గర. దుఃఖం అడ్డుపడి కాదు. పదకొండు సార్లు ఆగిన చోటే ఆగాను, అంతసేపే ఆగాను. అమ్మ శవం ముందు కూర్చొని నవ్వు కోసం ఎదురుచూశాను. నా చెయ్యి దానంతటదే లేచింది, నాలుగు వేళ్ళు. రెండు మడిచాక తెలిసింది.

ఇక ఆ ముక్క వెయ్యనని ఆదిశేషయ్య గారికి చెప్పాను. ఆయన సరే అన్నారు, వేరేది వెయ్యమన్నారు. దేనికీ నోరు రావడం లేదు.

నువ్వు గమనించావా లేదా, అది చెప్పు చాలు.

బాలరాజ్


బహదూర్‌పురా,
9 ఏప్రిల్ 1998

బాలరాజ్,

నేను ఆ హాల్లో ఉన్నాను కదా, గమనించకుండా ఎలా ఉంటాను? ఆడవాళ్ళు మాత్రం, "పోరని గొంతు పూడుకపోయింది" అనుకొని ఇంకా ఏడ్చారు. మాణిక్యమ్మ నన్ను అడిగింది కూడా. అవునన్నాను. వాళ్ళకు అదే నిజంగా ఉండనీ.

నీ మీద నాకు చచ్చేంత కోపం ఉంది. అది పోయిందని రాయను. నీ జనవరి ఉత్తరం నువ్వు వద్దన్నావు గానీ నేను అమ్మకు చదివేశాను. అంతా విని, "పోరడు టీ తాగుతున్నడు గద, పోనియ్" అంది. ఆ తర్వాత నీ గురించి ఏదీ చెడుగా అనలేదు, శోకమూ పెట్టలేదు. రెండు నెలల్లో గల్లీలో మూడు చావులు అయ్యాయి. మూడూ ఉత్త చావులే.

ఇప్పుడు పని సంగతి. ఆ క్యాసెట్టు రిజిస్టర్ పోస్టులో పంపు, లేదా నువ్వే పట్టుకురా. పదిహేనో తేదీ అమ్మ మాసికం. చంద్రమ్మకు, మాణిక్యమ్మకు, రాజన్న ఇంటివాళ్ళకు, సోమశేఖర్‌కు, బాపు పాలు పోసిన ఇళ్ళలో ఇంకా మిగిలిన వాళ్ళకు చెప్పాను. కొట్టంలోనే చాపలు వేస్తాను. ఈసారి తలుపు గడియ పెట్టను. పదిమంది కూర్చొని వినాలని అమ్మ అడిగింది ఒక్కటే కోరిక, అది నీ చేతిలో పెట్టి నేనే తప్పు చేశాను. ఇప్పుడు నేను తీరుస్తాను.

రావాలో వద్దో నీ ఇష్టం. వస్తే వెనక బర్రెల పక్కన కూర్చో, నోరు తెరవకుండా మొత్తం విను. నువ్వు ఆగిన చోట్లన్నీ వస్తాయి. ఇరవై రెండు నిమిషాలు నేను పక్కనే ఉన్నాను, చంద్రమ్మ తలుపు బాదినప్పుడు కూడా. అమ్మ ఎక్కడా ఆగలేదు.

అఖిల